జనవరి చూసి రాసిన పన్నెండు నెలలు

ముప్ఫై రెండేళ్ళు నేను చూడని ఊళ్ళ గురించి చెప్పి జీతం తీసుకున్నాను. బెంగుళూరులో ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసు మాది. మొదట మార్కెట్ దగ్గర ఒక మేడమీద ఉండేది, సాఫ్ట్‌వేర్ జనం తూర్పు వైపు పెరిగాక కుందలహళ్ళికి మారింది. నేను రిటైరై ఎంతో కాలం కాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, మీ రోజుల్లో ఎలా ఉండేది సార్ అని అడుగుతుంటారు. రిజర్వేషన్ క్యూల కథలు చెబితే నవ్వుకుని కాఫీ తాగి వెళతారు. వాళ్ళకు నిజంగా పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు. అది నోటితో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అందుకని రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. ఉద్యోగంలో చేరిన ప్రతివాణ్ణీ యజమాని పని తక్కువగా ఉన్న రోజుల్లో ఒక ఊరు చూసి రమ్మని పంపేవారు. చూసి వచ్చినవాడు ఆ ఊరి మీద ఒక కాగితం రాయాలి. ఏ నెలలో ఎండ ఎలా ఉంటుంది, వాన ఎప్పుడు, ఏం బట్టలు తీసుకెళ్ళాలి, ఏం చూడాలి. టికెట్‌తో పాటు ఆ కాగితం మడిచి కవర్లో పెట్టి ఇచ్చేవాళ్ళం. దాన్ని మేము సీజన్ కాగితం అనేవాళ్ళం. ఒకసారి రాశాక ఆ ఊరు ఆ మనిషిదే. ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఊటీ ఒకాయనది, తిరుపతి ఇంకొకాయనది. విశాఖపట్నం నాది.

నన్ను జనవరిలో పంపారు. నాలుగు రోజులున్నాను. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, సముద్రం చూడడం అదే మొదలు. మా తాతల నాటి నుంచీ బెంగుళూరే మాకు ఊరు, నీళ్ళంటే చెరువే. పొద్దున లేచి బీచికి వెళితే ఆకాశం శుభ్రంగా ఉండేది, నీళ్ళు నీలంగా నెమ్మదిగా ఉండేవి, చెమట పట్టని గాలి వీచేది. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఆ ఊరి మీద నాకు అభిమానం పుట్టిపోయింది. పెళ్ళి చూపుల్లో ఒక్కసారి చూసి ఒప్పుకున్నట్టే ఒప్పుకున్నాను.

తిరిగొచ్చి పన్నెండు నెలల కాగితం రాశాను. జనవరి చూసిందే కనుక ఇబ్బంది లేదు. మిగతా పదకొండు నెలలూ ఎలా రాయాలి? మేము బెంగుళూరు వాళ్ళం, వాతావరణం మా పిత్రార్జితం అనుకుంటాం. ఒకప్పుడు మా ఇంట్లో ఫ్యానే లేదని ప్రతివాడూ వారానికి ఒకసారైనా ఎవరో ఒకరికి చెప్పాలి. ఆ ధైర్యంతోనే నేను ఆఫీసు కిటికీలోంచి బయటికి చూసి, ఇక్కడ ఎలా ఉందో దానికి కొంచెం వెచ్చదనం కలిపి రాసేశాను. మే నెలకు 'ఎండ ఉండును, సాయంత్రాలు ఆహ్లాదకరం' అని రాశాను. అక్టోబరుకు రాసిన మాటలు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. 'వానలు వెనుదిరుగును. సముద్రం ప్రశాంతం. పలుచని స్వెటర్ ఉంటే మంచిది.' ఉక్కపోత అన్న మాట ఆ కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. బెంగుళూరు వాడికి ఆ మాట తెలిసినా దాని అర్థం తెలియదు.

ఆ కాగితం మొదట సైక్లోస్టైల్ అయింది, తర్వాత జిరాక్స్ అయింది, ఆ తర్వాత కంప్యూటర్లోకి వెళ్ళింది, చివరికి వాట్సాప్‌లో పోయేది. మారింది పైనున్న సంవత్సరం మాత్రమే. మే నెలలో వెళ్ళొచ్చినవాళ్ళు కొందరు వచ్చి, ఏమప్పా, మమ్మల్ని ఆవిరి మీద ఉడకబెట్టినావే అని తగాదా పెట్టుకునేవాళ్ళు. నా దగ్గర ఒకటే సమాధానం ఉండేది: "ఈ ఏడాదే ఇట్లయింది సార్." ఆ మాట నేను ప్రతి ఏడాదీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మడం మొదలుపెట్టాను.

కుందలహళ్ళిలో మా ఆఫీసు మొదటి అంతస్తు. కింద రెండు గదుల్లో ఒక అక్క టిఫిన్ హోటల్ నడిపేది. పొద్దున ఇడ్లీ, చిత్రాన్నం, మధ్యాహ్నం రాగి ముద్ద, దానిలోకి ఆకుకూర ఉడికిన నీళ్ళతో కాచే బస్సారు. కాడుగోడి పాత ఊరి మనిషి. అక్కడ మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. అరవై దగ్గర పడుతున్నా పొయ్యి ముందు తానే నిలబడేది. తొమ్మిదేళ్ళు ఆమె చేతి తిండి తిన్నాను. నాకు షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచీ, నేను అడిగినా పళ్ళెంలో రెండో స్వీటు పడనివ్వలేదు.

ఒక రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఆమె మెట్లెక్కి పైకి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఆమె మా ఆఫీసులోకి రావడం అదే మొదటిసారి. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కింది. కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"నాకు సముద్రం చూడాలప్పా," అంది. "నా దగ్గర తినే పిల్లోళ్ళంతా పోయొస్తారు. ఫోన్లో బొమ్మలు చూపిస్తారు. ఇన్నేండ్లు తిన్నోళ్ళంతా చూసినారు, వండి పెట్టినదాన్ని నేనొక్కదాన్నే చూళ్ళేదు."

"దానికేమక్కా, పోదురు గానీ."

"దానికేమంటే, సంక్రాంతి పోయినాక ఈ మోకాళ్ళు కోస్తామన్నారు డాక్టరు. రెండూ. కోసినాక ఎట్లుంటానో ఎవరికి తెలుసు. ఈ కాళ్ళు ఉండంగానే ఒక్కసారి నీళ్ళలో పెట్టాల. అంతే నాకు కావాల్సింది. దసరాకు పిల్లోళ్ళుండే పీజీ హాస్టళ్ళన్నీ ఖాళీ అవుతాయి కదా, ఆయుధపూజకు గ్రైండర్‌కు పూజ చేసేసి వారం మూస్తాను. ఆ వారంలో యాడికి పోతే బాగుంటాదో నువ్వే చెప్పు."

మంగళూరు దగ్గర, మద్రాసు ఇంకా దగ్గర. నేను ఆలోచించకుండా విశాఖపట్నం అన్నాను. అక్కడ ఎవరిని ఏమడిగినా తెలుగులోనే అడగొచ్చు అన్నాను. అది ఆమెకు బాగా నచ్చింది. అక్టోబరులో సముద్రం చాలా శాంతంగా ఉంటుందక్కా, వానలు కూడా అయిపోతాయి అని నా కాగితం తీసి చదివి వినిపించాను.

పక్క కౌంటర్లో అనకాపల్లి దగ్గర నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. మా దగ్గర చేరి రెండు నెలలయింది, హూడిలో పీజీలో ఉండేది. ఆ అమ్మాయి కంప్యూటర్ మీదనుంచి తల ఎత్తి, "సార్, అక్టోబర్ మా సైడ్ సైక్లోన్ టైం సార్. డిసెంబర్ ఎండ్ అయితే సేఫ్. ఆంటీని అప్పుడు పంపిద్దాం సార్," అంది.

నాకు చిర్రెత్తింది. ఊరు నాది. వేలు పెట్టింది నిన్న కాక మొన్న వచ్చిన అమ్మాయి, అదీ కస్టమర్ ముందు. "నువ్వు పుట్టకముందు నుంచి ఈ కాగితం ఉండాదమ్మా," అన్నాను. ఆ అమ్మాయి సారీ సార్ అని మళ్ళీ కంప్యూటర్లోకి చూసింది. అక్క నన్నూ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసి, "నువ్వు చెప్తే సరేప్పా," అంది నాతో.

మీరు అడుగుతారు, ఫోన్లో చూసుకోవచ్చు కదా అని. ఫోను పది రోజుల ముందు మాట చెబుతుంది. దసరాకు టికెట్లు కావాలంటే రెండు నెలల ముందే తీయాలి. ఆ రెండు నెలల ముందు ఆమెకు ఉన్న ఆధారం నా నోటి మాట ఒక్కటే.

అక్క వెళుతోందని తెలిసి ఆమె ఆడబిడ్డా, వీధిలో వాళ్ళూ కలిసి మొత్తం ఎనిమిది మంది అయ్యారు. మా ఆఫీసు తరఫున వెంట వెళ్ళే మనిషికి సరిగ్గా ఆ వారమే కామెర్లు వచ్చాయి. యజమాని నన్ను పిలిచి, రిటైరయ్యే ముందు మీ ఊరు మీరే ఇంకోసారి చూసి రండి అన్నారు. నేను పొంగిపోయాను. ఇంట్లో చెప్పి స్వెటర్ కూడా సర్దించుకున్నాను.

రైలు దిగగానే ఒళ్ళంతా తడిగుడ్డ చుట్టినట్టయింది. ఆకాశం మూసుకుని ఉంది, ఒక్క ఆకు కదలడం లేదు, నిలబడిన చోటే చొక్కా వీపుకు అంటుకుపోయింది. అక్క ఆడబిడ్డ కొంగుతో విసురుకుంటూ, "ఇదేనా అప్పా చల్లగాలి," అంది. ఈ ఏడాదే ఇట్లయిందమ్మా అన్నాను. ఆ సాయంత్రం అందరికీ ప్రయాణ బడలిక, రేపు పొద్దున్నే బీచికి పోదాం అనుకున్నాం.

మర్నాడు పొద్దునకు వాన పట్టుకుంది. బెంగుళూరు వానకు ఒక మర్యాద ఉంది. సాయంత్రం నాలుగింటికి వస్తుంది, గంట కురుస్తుంది, ట్రాఫిక్ ఆపుతుంది, పోతుంది. ఇది అలాంటిది కాదు. అడ్డంగా కురిసింది. మూసిన కిటికీ కింద నుంచి కూడా గదిలోకి వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందనీ, రేవులో హెచ్చరిక జెండా ఎగరేశారనీ, బీచిలోకి ఎవరినీ దిగనివ్వడం లేదనీ లాడ్జి టీవీలో చెప్పారు. సముద్రం రెండు వీధుల అవతలే ఉంది. దాని హోరు మా మంచాల మీదికి వినబడుతోంది. చూడ్డానికి మాత్రం వీలు లేదు.

రెండు రోజులు అలాగే గడిచాయి. ఉతికిన బట్టలు ఆరలేదు. పాస్‌పోర్టు సైజు గదుల్లో ఎనిమిది మందీ కూర్చుని నా వైపు చూసేవాళ్ళు. నన్ను ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు, అదే ఇబ్బంది. అక్క మాత్రం ఒక పూట ఓర్చుకుని, రెండో పూటకు లాడ్జి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వంటవాణ్ణి పక్కకు జరిపి మా అందరికీ వేడివేడిగా చారు, పప్పన్నం చేసింది. ఆ ఊరి మిరపకాయలు కారం లేవని తిట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి, "అక్కా, ఈ ఏడాదే ఇట్లయింది," అన్నాను.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న లాడ్జి ముసలాయన తలెత్తాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ పని చేస్తున్న మనిషి. "ఈ ఏడాదేటండి బాబూ," అన్నాడు, కోపమేమీ లేకుండా. "ఏటా ఇదే కదా. దసరా కాడ్నుంచి కార్తీకం ఎల్లేదాకా మాకు వాయుగుండాలే. సిన్న పిల్లోణ్ణి అడిగినా సెప్తాడు. మీకెవలు సెప్పారండి, ఇప్పుడు రమ్మని?"

అక్క గరిటె తిప్పుతూనే ఉంది, నా వైపు తిరగలేదు. ముసలాయనతో, "ఎవరు చెప్తేనేం లేప్పా, ఉప్పు యాడ ఉండాది చూపించు," అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం తిరుగు రైలు. అక్క మోకాళ్ళు కోయించుకోబోయే ముందు ఒకే ఒక్క వారం అడిగింది, దాన్ని నేను నాశనం చేశాను. ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది ఇలా వచ్చి లాడ్జి గదుల్లో కూర్చుని వెళ్ళి ఉంటారో అని మొదటిసారి అనిపించింది. వాళ్ళంతా కొత్త పెళ్ళికొడుకులూ, పిల్లల తల్లులూ, సెలవు దొరక్క దొరక్క దొరికినవాళ్ళూ. వాళ్ళకు నేను ఈ ఏడాదే ఇట్లయింది అని చెప్పి పంపేశాను.

తెల్లారగానే అనకాపల్లి అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తుతుందో ఎత్తదో, ఎత్తితే ఏమంటుందో అని భయపడ్డాను. ఆదివారం, నిద్రలో ఉన్నట్టుంది. "చెప్పండి సార్, అంతా ఓకేనా?" అంది.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా," అన్నాను. "నాకు ఈ ఊరి సంగతి తెలీదు. జనవరి ఒక్కటే చూసినాను. అక్క కాళ్ళు తడవాల. ఎట్ల చేయాలో చెప్పు."

నేను అనుకున్నది ఏదీ ఆ అమ్మాయి అనలేదు. "వాన ఉందా సార్ ఇప్పుడు?" అంది. తుంపర పడుతోందని చెప్పాను. "అయితే బీచ్ మెయిన్ సైడ్ వద్దు సార్, అక్కడ పోలీస్ అస్సలు పంపరు. పంపినా ఆంటీ ఇసుకలో నడవలేరు, చాలా దూరం ఉంటుంది వాటర్. ఓల్డ్ టౌన్ వైపు వెళ్ళండి. అక్కడ రోడ్డు పక్కనే గోడ, గోడ కిందే సముద్రం. ఇలాంటి టైంలో వేవ్స్ గోడ దాటి రోడ్డు మీదికి వస్తాయి. ఆటో దగ్గరి దాకా వెళ్తుంది. రోప్ కట్టి ఉంటే రోప్ దాటొద్దు సార్, ప్లీజ్. ఇవతలే ఆగండి. అదే వస్తుంది."

మూడు ఆటోలు మాట్లాడి అందరినీ ఎక్కించాను. పాత ఊరి సందుల్లోంచి తిరిగి ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి తుంపర ఆగింది. నేను చూసిన సముద్రం అది కానే కాదు. నీలం ఎక్కడా లేదు. ఎర్రమట్టి కలిపిన చాయలో, నురగతో, ఎటు చూసినా ఎత్తుపల్లాలుగా కదులుతోంది. గోడకు ఒక్కో దెబ్బ పడితే కాళ్ళ కింద రోడ్డు అదురుతోంది. అక్క ఆటో దిగకుండానే రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని చూస్తూ ఉండిపోయింది.

అనుకున్నట్టే తాడు కట్టి ఉంది. రెయిన్‌కోటు వేసుకున్న కానిస్టేబుల్ ఒకాయన ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎల్లకండమ్మా. సముద్రం బాగోలేదు. ఫొటోలు గిటోలు ఏటీ వద్దు, ఎనక్కి ఎల్లిపోండి బేగి."

"ఫొటోలు మాకేమీ వద్దప్పా," అంది అక్క. ఆడబిడ్డ భుజం పట్టుకుని ఆటో దిగింది. "బెంగుళూరు నుంచి వచ్చినాను. మోకాళ్ళు చూడు ఎట్లుండాయో. వచ్చే నెలల్లో కోస్తారు. ఆ లోపల ఈ కాళ్ళు నీ సముద్రంలో పెట్టాలని వచ్చినాను."

"నా సముద్రమేటమ్మా, నాకే భయంగా ఉంటే."

"సరే, నీది కాదు. ఎవరిదో చెప్పు, వాళ్ళనే అడుగుతాను."

కానిస్టేబుల్‌కు నవ్వొచ్చింది. ఆమె మోకాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మీరు పెద్దోరు కదండీ, ఈ రోజుల్లో ఆడోళ్ళని ఇక్కడికి ఎవలు తెస్తారండి?" అన్నాడు. నేనే తెచ్చాను అన్నాను. రెండు రోజుల్లో ఒక మనిషి ఎదుట నేను చెప్పిన మొదటి నిజం అదే. ఆయన పక్కనే మూసేసిన బడ్డీ కొట్టు ముందున్న సిమెంటు బెంచీ చూపించాడు. తాడుకు బాగా ఇవతల, రోడ్డుకు ఈ వైపు. "అక్కడ కూకోండి. లెగకండి. నేనిక్కడే ఉంటాను. పావుగంట, అంతే," అన్నాడు.

అక్క కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి లాక్కుని, వాచిన పాదాలు తారు రోడ్డు మీద ఆనించింది. మేమంతా ఆమె వెనక నిలబడ్డాం. మొదటి కెరటం గోడకు కొట్టుకుని వెనక్కి పోయింది. రెండోది లేచి చినుకుల్లా మా మొహాల మీద పడింది. పది నిమిషాలైంది. కానిస్టేబుల్ గడియారం చూసుకున్నాడు. నేను అప్పటిదాకా ఏ దేవుణ్ణీ అంత గట్టిగా అడగలేదు.

అప్పుడు ఒకటి వచ్చింది. గోడ దాటి పైకి లేచి, రోడ్డు మీద పడి పరుచుకుంది. తాడు కిందనుంచి జారి, రోడ్డు దాటి, నురగతో, ఇసుకతో నెమ్మదిగా బెంచీ దాకా వచ్చింది. ఆమె పాదాలు చీలమండల దాకా మునిగాయి. ఆమె కాళ్ళు తీయలేదు. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, ఆమె వేళ్ళ మధ్యనుంచి ఇసుకను లాక్కుంటూ వెనక్కి పోయాయి.

అక్క వంగి తడి చేతిని నాలుకకు తగిలించుకుంది. "ఉప్పు చాలా ఎక్కువ వేసినారప్పా," అంది. ఆడబిడ్డ నవ్వింది, కానిస్టేబుల్ నవ్వాడు. అక్క నవ్వుతూనే ఏడ్చింది. నేను మొహం అటు తిప్పుకున్నాను.

ఇక్కడితో ఆపితే నా తప్పు ఒప్పైపోయినట్టు అనిపిస్తుంది. కాలేదు. జనవరిలో వెళ్ళి ఉంటే ఆమె ఆ ఇసుకలో అంత దూరం నడవలేకపోయేదన్నది నిజమే. అది నేను తెలిసి చేసిన పని కాదు. గాలి ఇంకో వైపు తిరిగి ఉంటే మేము ఒట్టి హోరు విని ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ వారం ఆ ఊళ్ళో ఇంకెంతమంది మా కాగితం పట్టుకుని ఏ లాడ్జిలో కూర్చున్నారో నాకు తెలియదు.

రైలు కదిలాక అందరూ పడుకున్నారు. అక్క కిటికీ పక్కన కూర్చుని తడిసిన కొంగు ఆరబెట్టుకుంటోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. చెప్పకుండా ఆమె ఇడ్లీ మళ్ళీ తినలేను అనిపించింది.

"అక్కా, నేను ఆ ఊరు జనవరిలో ఒక్కసారి చూసినాను. మిగతా నెలలన్నీ ఊహించి రాసినాను. అక్టోబరు సంగతి నాకు తెలీనే తెలీదు," అన్నాను.

"నాకు తెలుసప్పా."

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు వాన చూసి నువ్వు నాకంటే ఎక్కువ బెదిరిపోతివి కదా. ఆ వాన ముందెప్పుడన్నా చూసినోడు అట్ల చూడడు."

"మరి అనలేదేమక్కా? అందరి ముందర నిలదీసింటే సరిపోయేది."

"నిలదీస్తే వాన నిలుస్తాదా?" ఆమె కొంగు తిప్పి వేసింది. కోపంగా లేదు, కోపంగా ఉంటే బాగుండేది. "నాకు ఒకటే బాధప్పా. ఆ పొద్దు నేను మెట్లెక్కి వచ్చినానే, నాకు తెలీదక్కా, కనుక్కొని చెప్తాను అనింటే నేను ఏమనేదాన్ని? నిన్ను నమ్మకుండా దిగి పోయేదాన్నా?"

నాకు తల కొట్టేసినట్టయింది. యజమాని ముందు, కస్టమర్ల ముందు ఎన్నో మాటలు పడ్డాను, ఏదీ ఇంత లోతుకు దిగలేదు. ఆమె జవాబు కోసం అడగలేదు. పడుకోప్పా, పొద్దున ఊరొస్తాది అని దుప్పటి నా వైపు తోసింది.

తిరిగి వచ్చిన మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి నా కౌంటర్ ముందు ఒక నడివయసు ఆయన నిలబడి ఉన్నాడు. తన తల్లికి ఆయాసమనీ, కొండ ఊరికి తీసుకెళ్ళాలనీ, జూలైలో అక్కడ చలి ఎలా ఉంటుందనీ అడిగాడు. చెయ్యి అలవాటుగా సీజన్ కాగితాల సొరుగు వైపు పోయింది. పక్క కౌంటర్లోని అమ్మాయి నా వైపు చూస్తోందని తెలుసు.

"నాకు తెలీదండీ," అన్నాను. "నేను జూలైలో ఎప్పుడూ అక్కడికి పోలేదు. తెలిసినవాళ్ళని కనుక్కొని రేపు చెప్తాను."

ముప్ఫై రెండేళ్ళలో ఆ కౌంటర్ మీద నేను ఆ మాట అనడం అదే మొదలు. ఆయన వెనక్కి తిరిగి పక్క వీధిలోని ఇంకో ట్రావెల్స్ ఆఫీసుకు పోతాడనే అనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. తల్లి ఆయాసం ఎప్పుడు మొదలైందో, చలికి ఆమెకు ఏం అవుతుందో, అంతా మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.